పండక్కి కంప్యూటర్ని కూడా కడిగాను

నాకు కుదురు లేదు. ఇది నా అంతట నేను చెప్పుకునే మాట కాదు, బర్మాలో, తామ్వే పేటలో, మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. టీ కూడా నిలబడే తాగుతాను. జిరాక్సు మిషను కాగితం బయటికి తోసేలోపు దాని మూత మూడుసార్లు తడుముతాను. పదిహేనేళ్ళుగా ఇంటి ముందుగదిలో టైపింగు, జిరాక్సు, లామినేషను చేసుకుంటూ బతుకుతున్నాను గాని, ఆ గదిలో ఉన్న ఒక్క కుర్చీలో నేను కూర్చున్నది తక్కువ.

నన్ను పెంచింది మా మేనత్త. ఆవిడది నాకు పూర్తిగా వ్యతిరేకమైన తీరు. గుమ్మం ముందు పొట్టి ప్లాస్టిక్ స్టూలు వేసుకుని గంటల తరబడి కదలకుండా కూర్చునేది. చేతిలో ఉండేది బర్మా చుట్ట, పీల్చే పద్ధతి మాత్రం మా శ్రీకాకుళం ఆడవాళ్ళది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. నోట్లో నిప్పు ఉండగానే వీధి మొత్తంతో మాట్లాడేది. "ఏటే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగ" అని నన్ను, "ఈ సేపకి కళ్ళు లోపలికెళ్ళిపోనాయి, పిల్లికి కూడా ఎయ్యలేం" అని చేపలమ్మే ఆవిణ్ణి, ఒకే ఊపిరిలో. చేపలావిడ బర్మీ మనిషి. అయినా అత్త తెలుగులోనే తిట్టేది, ఆవిడ బర్మీలోనే జవాబిచ్చేది, బేరం కుదిరేది.

డెబ్బై నాలుగో ఏట ఆ గొంతు బొంగురుపోయింది. తులసి రసం, మిరియాల కషాయం, వేడి ఉప్పునీళ్ళు, అన్నీ అయ్యాయి. మూడు నెలలైనా తేరుకోకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ చేసి డాక్టరు స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. తీస్తే మనిషి ఉంటుంది, మాట ఉండదు. అత్తకి బజారు బర్మీ వచ్చు గాని ఆస్పత్రి బర్మీ రాదు. నేను తెలుగులో చెప్పాలి. గోడమీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

"మాట పోద్దన్నాడా?" అని ఆవిడే అడిగింది.

అవునన్నాను.

"మరి బేరం ఎలాగాడతాను?"

డాక్టరు ఆవిడ ఏమందని నన్నడిగాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మాట పోయినవాళ్ళు కాగితం మీద రాసి చూపిస్తారు. మా అత్తకి తెలుగు అక్షరం రాదు, బర్మా అక్షరమూ రాదు. సంతకం చేయాల్సిన చోట బొటనవేలు వేస్తుంది. డెబ్బై నాలుగేళ్ళు నోటితోనే నెట్టుకొచ్చింది, ఇప్పుడు ఆ నోరే కట్టేస్తారట. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ కిటికీ ఊచ పట్టుకుని నేను ఎంత అల్లాడిపోయానో, పక్కన అత్త మాత్రం మునగకాడలు ఏ రేటు ఉన్నాయో ఎదుటి సీటావిణ్ణి అడుగుతూ కూర్చుంది.

మా కంప్యూటర్ బాగుచేసే ఆయన తాకేటాలో ఉంటాడు. బర్మీ మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. నేనాయన్ని సయా అంటాను, ఇక్కడ పని తెలిసినవాళ్ళని అలాగే పిలుస్తాం. ఆయన నన్ను అమా అంటాడు, అంటే అక్కా అని. అత్త సంగతి చెబితే కాసేపు ఆలోచించి ఒక చిన్న ప్రోగ్రాం పెన్‌డ్రైవులో తెచ్చిచ్చాడు. ముందే రికార్డు చేసిపెట్టుకున్న మాటని కీబోర్డులో ఒక మీటకి కట్టొచ్చు, ఆ మీట నొక్కితే ఆ మాట పలుకుతుంది. ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు, ఒక ఫోల్డరులో పడేసి తెరవడమే. ఆపరేషను తర్వాత అత్త తన గొంతుతోనే మాట్లాడుతుందన్నమాట. నాకు ఆ సయా కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆపరేషనుకి పన్నెండు రోజులుంది. కరెంటు ఏ పూట ఉంటే ఆ పూట మైకు పెట్టుకుని కూర్చున్నాం. నిజానికి ఆవిడ కూర్చుంది, నేను నిలబడ్డాను. ఏ మాటలు కావాలో ఆవిడే చెప్పాలన్నాను.

"బతికినన్నాళ్ళూ ఏటేటి మాటలాడతానో ఇప్పుడే ఎలా తెలుస్తాదే?" అంది.

"తోచింది సెప్పు అత్తా, బేగి సెప్పు, కరెంటు పోద్ది" అన్నాను. అలా మొదలైంది. కూరలో కారం సాల్లేదు. దిండు మార్సు. నానొచ్చీసేను. పూజకి కూకున్నాను, ఎవుల్నీ రానియ్యకు. చేపల బేరానికి నాలుగు మాటలు, పక్కింటివాళ్ళ కోసం బర్మీలో ఐదారు. ఒకరోజు పొద్దున్న, ఎవరిమీదో తెలీదు గాని, ఒక చక్కటి బూతు కూడా రికార్డు చేయించుకుంది. ఎందుకత్తా అంటే, "అవసరం రాకపోద్దేటి" అంది. మొత్తం అరవై మూడు మాటలు తేలాయి.

మీటల మీద అక్షరాలు ఆవిడకి పనికిరావు. అందుకని బొట్టుబిళ్ళల అట్టలు కొనుక్కొచ్చి, ఒక్కో మీటకి ఒక్కో రంగు, ఒక్కో ఆకారం అంటించాం. ఆకుపచ్చ చుక్క కారానికి, పొడుగు నల్లబొట్టు బూతుకి. ఆవిడ మూడు రోజుల్లో అరవై మూడూ కంఠతా పట్టేసింది. నాకు ఈరోజుకీ సగం రావు. ఏ మీట ఏ మాటో కాగితం మీద రాసిపెట్టుకోవాల్సింది. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. నా తర్వాతలన్నీ అలాగే ఉంటాయి.

ఒక్క లోపం ఉండేది. మీట నొక్కితే మాట వెంటనే రాదు. కంప్యూటర్ మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుని అప్పుడు పలికేది. అత్తకి అది పట్టలేదు. "ముసిల్ది కదా, నానూ అంతే" అంది. నాకే లోపల దురద. అరె, ఈవిడ చేపలావిడతో గొడవపడుతుంటే మధ్యలో ఈ మూడు లెక్కలేమిటి?

ఆపరేషను బాగానే జరిగింది. మెడకి ముందు రంధ్రం పెట్టారు, ఊపిరి అక్కణ్ణుంచి. మూడు వారాలు ఆస్పత్రిలో ఉంచారు. ఆవిడ నోరు కదిపేది, శబ్దం రాదు. నేను పెదవులు చూసి అర్థం చేసుకోవాలని చూసేదాన్ని, తప్పు చెప్పేదాన్ని, ఆవిడ కళ్ళు మూసేసుకునేది. ఆ మూడు వారాలూ ఒకే ఒక్క మాటతో ఇద్దరం గడిపాం. "ఇంటికొస్తే నీ గొంతు అక్కడే ఉంది అత్తా" అనేదాన్ని. ఆవిడ వెంటనే చూపుడువేలు ఎత్తి, గాల్లో టకటకా మీటలు నొక్కినట్టు చూపించేది. నర్సులు నవ్వేవారు. అత్త ఆ కీబోర్డు కోసమే ఇంటికి రావాలని తొందరపడుతోందని నాకు బాగా తెలుసు.

ఆవిడ ఇంటికొచ్చే వారమే మా అమ్మవారి పండగ పడింది. పండక్కి అమ్మవారి ఘటం, అంటే పసుపు రాసి వేపాకు కట్టిన కుండ, మావాళ్ళున్న ఇల్లిల్లూ తిరుగుతుంది. ఘటం గుమ్మంలోకి వచ్చేసరికి ఇల్లు కడిగి ఉండాలి, వాడని వస్తువు ఒక్కటి కూడా లోపల ఉండకూడదు. చిల్లుపడిన గిన్నె, జోడు పోయిన చెప్పు, ఆగిపోయిన గడియారం, అన్నీ బయటికి. ఈ నియమం నాకు నేర్పింది అత్తే. "పనికిరానిది ఇంట్లో ఉంటే అమ్మోరు గుమ్మంలోంచే ఎనక్కి తిరిగెల్లిపోద్ది" అనేది. ఆవిడ లేని ఇంట్లో, ఆవిడ చెప్పినట్టే అన్నీ చెయ్యాలని నాకు పంతం పట్టింది. రెండు రోజుల్లో వంటింటి డబ్బాలతో సహా కడిగేశాను. జిరాక్సు మిషనుకి పసుపుబొట్టు పెట్టాను. ఇంకా చేతులు ఆగలేదు. కంప్యూటర్ వైపు చూశాను.

దాంట్లో ఒక ప్రోగ్రాం ఎప్పట్నుంచో ఉంది. ఎవరో కస్టమరు పెన్‌డ్రైవు పెట్టినప్పుడు చేరినట్టుంది. తెరిచినప్పుడల్లా ఎర్ర అక్షరాలతో, మీ రిజిస్ట్రీలో పద్నాలుగు వందల చిల్లర తప్పులున్నాయి, శుభ్రం చేస్తే కంప్యూటర్ వేగంగా నడుస్తుంది అని చూపించేది. పద్నాలుగు వందలు. ఇల్లంతా అద్దంలా కడిగి, మూల ఇంత చెత్త దాచుకున్నట్టయింది నాకు.

రిజిస్ట్రీ అంటే నాకు అప్పటికి తెలిసింది ఇంతే. కంప్యూటర్ తన వస్తువులు ఎక్కడ పెట్టుకుందో, ఏది ఎలా వాడాలో గుర్తు పెట్టుకునే చోటు అది. మా వంటింట్లో డబ్బాల మీద చీటీలుండవు. ఏ డబ్బాలో ఏముందో నాకు తెలుసు, అంతే. ఇదీ అలాంటిదే అనుకున్నాను. సయాకి ఫోన్ చేశాను.

"అమా, అది ముట్టుకోకండి" అన్నాడు. "దాంతో వేగం రాదు. ఏదో ఒకటి పోతుంది."

"ఏం పోతుంది?"

"అది ముందే తెలిస్తే ముట్టుకోమనే చెబుతాను కదా."

నాకు చిరాకేసింది. ఈ మగవాళ్ళకి ఇల్లు తుడవడం అంటే ఎప్పుడూ అనుమానమే అనుకున్నాను. సంచౌంగ్‌లో నాలాగే టైపింగు చేసే ఒకావిడ ఉంది. ఆవిడకి చేశాను. "నేను వారం వారం నడుపుతాను, నాకేం కాలేదు" అంది. నాకు కావలసిన జవాబు దొరికింది, ఇంకెవర్నీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి కరెంటు వచ్చింది. మధ్యాహ్నానికి అత్తని తీసుకురావాలి. ప్రోగ్రాం తెరిచాను. అది తప్పుల జాబితా చూపించింది. ఒక్కోదాని పక్కన చిన్న గడి, అందులో టిక్కు. చాలావాటి పక్కన, దీన్ని వాడే ప్రోగ్రాం ఇప్పుడు లేదు, ఇది మిగిలిపోయిన వస్తువు అని రాసుంది. వాడని వస్తువు. నేను చదివింది మా అత్త గొంతుతో. మిగతావి ఒక్కటీ చదవకుండా అన్నిటికీ టిక్కు ఉంచేశాను. కిందన ఇంకా గడులున్నాయి, తాత్కాలిక ఫైళ్ళు, రీసైకిల్ బిన్. వాటికి కూడా పెట్టాను. మార్చేముందు పాత రిజిస్ట్రీని ఒక కాపీ తీసి దాచుకుంటారా అని అడిగింది. పారేసే చెత్తకి కాపీ ఏమిటి? వద్దన్నాను. పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. సున్నా తప్పులు అని పచ్చటి అక్షరాలు వచ్చాయి.

నిజం చెప్పొద్దూ, నాకు వేగం పెరిగినట్టే అనిపించింది. ఒక ఉత్తరం తెరిచాను, గబుక్కున వచ్చింది. మీటల ప్రోగ్రాం ఒకసారి చూసుకుందామనుకునేలోపు కరెంటు పోయింది. మధ్యాహ్నం వచ్చాక చూద్దాంలే అనుకుని, కీబోర్డు మీద బొట్టుబిళ్ళలు తడిగుడ్డతో తుడిచి, ఆస్పత్రికి బయల్దేరాను. అంత తేలిగ్గా ఆ మూడు వారాల్లో ఒక్కరోజు కూడా లేను.

అత్త టాక్సీ దిగేసరికి వీధిలో ఐదారుగురు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చేపలావిడ కూడా వచ్చింది. అత్త మెడకి తెల్లటి గుడ్డ కట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి నడిచి, చెప్పులు విడిచి, సరాసరి ముందుగదిలోకి వచ్చి, నేను పెద్దగా కూర్చోని ఆ కుర్చీలో కూర్చుంది. కరెంటు అప్పటికి వచ్చింది. ప్రోగ్రాం తెరిచి పక్కకి జరిగాను. ఆవిడ అందరి వైపూ ఒకసారి తిరిగి చూసి, పసుపు బిళ్ళ ఉన్న మీట నొక్కింది. అది 'నానొచ్చీసేను'.

ఒకటి, రెండు, మూడు. నాలుగు. ఐదు.

మళ్ళీ నొక్కింది. పక్క మీట నొక్కింది, దాని పక్కది నొక్కింది. ఆ తర్వాత ఐదు వేళ్ళతో గబగబా అన్నీ నొక్కేసింది. స్పీకరులో చప్పుడు లేదు. నేను వంగి వైర్లు చూశాను, స్పీకరు చూశాను, ప్రోగ్రాం మూసి తెరిచాను. ప్రోగ్రాం తెరుచుకుంటోంది గాని లోపల ఖాళీ. ఏ మీటకి ఏ మాటో అన్నది తుడిచిపెట్టుకుపోయింది.

అత్త నా వైపు చూసింది. తర్వాత మెడ మీద గుడ్డని చేత్తో ముట్టుకుంది. అక్కడిది ఆస్పత్రిలో తీసేశారు, ఇక్కడ దాచినది కూడా పోయిందా అని అడుగుతోందని అర్థమైంది. ఆవిడ లేచి లోపలి గదిలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకుంది. చేపలావిడ తెచ్చిన చేప గుమ్మంలో పెట్టేసి వెళ్ళిపోయింది. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు.

సయా రెండు బస్సులు మారి సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. తిట్టలేదు, అదే నాకు ఇంకా బాధ. కాపీ తీశారా అమా అన్నాడు. లేదన్నాను. కంప్యూటర్‌ని పాత తేదీకి వెనక్కి తిప్పే ఏర్పాటు ఉంటుంది కదా, అది ఉందా అన్నాడు. అదీ లేదు, చోటు తినేస్తోందని నేనే ఆపేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ మీటల ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసింది కాదు కదా" అన్నాడు. "ఊరికే ఫోల్డరులో ఉంది. ఏ మీటకి ఏ మాటో మాత్రం రిజిస్ట్రీలో రాసుకుంటుంది. మీ క్లీనరు చూసింది. ఈ పేరుతో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాం ఏదీ లేదు, కాబట్టి ఇది చెత్త అనుకుంది."

"అది అనుకుంటే అయిపోతుందా? వాడుతున్నామో లేదో దానికెలా తెలుస్తుంది?"

"తెలీదు" అన్నాడు. "అందుకే వద్దన్నాను."

"మరి నెమ్మదిగా ఎందుకు నడుస్తోంది?"

ఆయన డబ్బా పక్క రేకు విప్పి చూపించాడు. ఫాను రెక్కల మీద దుమ్ము పీచులా పేరుకుపోయి ఉంది. హార్డ్‌డిస్కు ముసలిదైపోయింది, చదవడానికి తడుముకుంటోంది అన్నాడు. రిజిస్ట్రీలో లక్షల రాతలుంటాయట, పద్నాలుగు వందలు తీసేస్తే పజుండౌంగ్ కాలువలోంచి చెంబుడు నీళ్ళు తీసినట్టేనట. ఇల్లంతా కడిగినదాన్ని, అసలు దుమ్మున్న చోట చెయ్యి పెట్టలేదు.

తర్వాత చాలామందిని అడిగాను, నాకు ఊరుకోవడం చేతకాదు కదా. ఆ క్లీనర్ల వల్ల లాభమెంతని అడిగితే ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. నష్టం సంగతి అడిగితే, చాలాసార్లు ఏమీ కాదు, అయిన రోజున మాత్రం ఏం పోయిందో కూడా వెంటనే తెలీదు అన్నారు. సంచౌంగ్ ఆవిడ ఇప్పటికీ వారం వారం నడుపుతోంది, ఇప్పటికీ ఏమీ కాలేదంటుంది. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు. రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తేవాడు కూడా ఏమీ కాలేదనే చెబుతాడు. లాభం లేనిచోట కొరివితో తల గోక్కోవడం ఎందుకని నా మాట. ఆ ప్రోగ్రాంని మాత్రం నేను తిట్టలేను. కాపీ తీసుకుంటావా అని అది అడిగింది, నేనే వద్దన్నాను.

ఇంతకీ మాటలు పోలేదు. సయా వెతికితే అరవై మూడు ఫైళ్ళూ డిస్కులోనే ఉన్నాయి. పేర్లు మాత్రం ఒకటి, రెండు, మూడు అని అంకెలు. ఏది ఏమిటో వింటే తప్ప తెలీదు, ఏ బిళ్ళ ఏ మాటదో అత్తకి తప్ప ఎవరికీ తెలీదు. నేను లోపలికి వెళ్ళి, మంచం పక్కన నేలమీద కూలబడి, "అత్తా, నీ మాటలు ఉన్నాయి. దారే పోయింది. నువ్వొచ్చి సూపించాల" అన్నాను. ఆవిడ ఇటు తిరగలేదు. నా ఫోన్లోకి ఎక్కించుకున్న మొదటి ఫైలు చెవి దగ్గర పెట్టి నొక్కాను. కూరలో కారం సాల్లేదు, అంది అత్త గొంతు. పాత అత్త, ఆస్పత్రికి ముందటి అత్త. ఆవిడ భుజాలు కదిలాయి. మెడ రంధ్రంలోంచి ఊపిరి బుస్సుమంది. ఏడుస్తోందో నవ్వుతోందో చప్పుడు లేకపోతే తెలీదని ఆ రోజే తెలిసింది.

మర్నాడు పొద్దుటి కరెంటులో మొదలుపెట్టాం. నేను ఫైలు వినిపిస్తాను, ఆవిడ విని ఒక బిళ్ళ మీద వేలు పెడుతుంది, నేను ఆ మీటకి కట్టి, పక్కన కాగితం మీద రాస్తాను. నా చేతులు తర్వాతి ఫైలు మీదకి ఉరికేవి. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపేది. తన మాటని తను మళ్ళీ వినాలని ఉంది ఆవిడకి, ఒక్కోటీ రెండేసి సార్లు. రెండు రోజులు పట్టింది. జిరాక్సుకి వచ్చినవాళ్ళని తర్వాత రమ్మన్నాను. బూతు వచ్చినప్పుడు మాత్రం నాలుగుసార్లు వేయించుకుని, నా వైపు చూసి తల ఊపింది. అది నాకే తగిలింది.

అరవై మూడూ అయిపోయాయి. హమ్మయ్య అనుకుని లేవబోయాను. ఆవిడ చెయ్యి వదల్లేదు. కీబోర్డులో బిళ్ళ లేని ఒక మీట మీద వేలు పెట్టింది. తర్వాత నా వైపు వేలు చూపించింది, తర్వాత తన నోటి వైపు.

"ఏటత్తా, ఆకలా?"

కాదని తల ఊపింది. మళ్ళీ నన్ను చూపించింది, నోరు తెరిచి పిలిచినట్టు చేసింది. అప్పుడు అర్థమైంది. నన్ను పిలవడానికి ఏ మీట నొక్కాలని అడుగుతోంది.

అరవై మూడు మాటల్లో నా పిలుపు లేదు. రికార్డు చేసినన్ని రోజులూ నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. ఎదుట ఉన్నదాన్ని పిలవాలని ఇద్దరికీ తోచలేదు. లేదు, అది కూడా నిజం కాదు. ఆవిడ పిలిచింది. మైకు పెట్టిన ప్రతిసారీ, మాట మొదలుపెట్టేముందు, "ఓలే గుంటా, ఒత్తీసేవేటి? సెప్పీమంటావా?" అనేది. యాభై ఎనిమిదేళ్ళ నన్ను గుంటా, అంటే పిల్లా, అని పిలిచే మనిషి భూమ్మీద ఆవిడొక్కతే. ప్రతి రికార్డు మొదట్లోనూ ఆ పిలుపుంది. దగ్గూ, కుర్చీ కిర్రూ, ఆ పిలుపూ, అన్నీ అనవసరమని నేనే కూర్చుని ఒక్కోదాని ముందూ వెనకా కత్తిరించాను. కత్తిరించని అసలువి రీసైకిల్ బిన్‌లో వేశాను. కావాలంటే తీసుకోవచ్చులే అనుకున్నాను. క్లీనరు నడిపిన పొద్దున్న ఆ బిన్ పక్కన టిక్కు పెట్టిన చెయ్యి కూడా ఇదే.

సయా కొత్త డిస్కు వేసి, మీటల మాటలన్నీ దాంట్లోకి ఎక్కించి, ఆ పాత డిస్కుని తాకేటా తీసుకెళ్ళి మూడు రోజులు వెతికాడు. ఆ చోట వేరేవి రాసేసుకుంది అమా అన్నాడు. ఒక ముక్క దొరికింది, అందులో దగ్గు మాత్రం ఉంది.

అత్తకి చెప్పక తప్పలేదు. "నానే కోసీసినాను అత్తా. సెత్తనుకున్నాను" అన్నాను. ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత చెయ్యి చాపి నా నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఘటం వచ్చింది, వెళ్ళింది. ఇల్లు మామూలైంది. కంప్యూటర్ని లోపలి గదిలో అత్త మంచం పక్కకి మార్చాను. ఒకరోజు పొద్దున్న నేను బయట ఎవరిదో కాగితం లామినేషను చేస్తుంటే లోపల్నుంచి అత్త గొంతు వినపడింది. "నీళ్ళు తే." ఎర్ర బిళ్ళ మీట అది. పరుగున గ్లాసు పట్టుకుని వెళ్ళాను. ఆవిడ గ్లాసు అందుకుని, తాగకుండా పక్కన పెట్టి, నా చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాసేపటికి నేను లేచి వచ్చాను. మధ్యాహ్నం మళ్ళీ అదే గొంతు, అదే మాట.

ఇప్పుడు రోజుకి పదిహేనుసార్లు "నీళ్ళు తే" వినపడుతుంది. ఏది దాహమో, ఏది నేనో నాకు తెలీదు. అందుకని చేతిలో ఏ పనున్నా వదిలేసి గ్లాసు నింపుకునే వెళ్తాను, వెళ్ళి కూర్చుంటాను. చాలాసార్లు ఆ గ్లాసు నిండుగానే వెనక్కి వస్తుంది.